పొద్దు గూకని సాయంత్రాలు

నందికొట్కూరు ఎండల్లోంచి పారిస్‌కు, అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌కు... ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, పదిహేను రోజులు. ఖర్చు సంగతి సరే, ఇంటిల్లిపాదికీ దక్కిందేమిటి?

మా నందికొట్కూరులో మే నెలంటే తలుపులేసుకుని కూర్చునే నెల. పొద్దున పదిన్నరకల్లా వీధి తలుపు మూస్తే మళ్లీ తీసేది సాయంత్రం ఐదు దాటాకే. 42, 43 డిగ్రీలు మాకు వార్తే కాదు. పిల్లలు ఒక గదిలో, మా అత్త నడవలో ఫ్యాను కింద, మేమిద్దరం ఇంకో గదిలో. పేరుకు వేసవి సెలవులేగానీ ఒకరి ముఖం ఒకరం చూసుకునేది అన్నాల దగ్గరే.

అలాంటిది 2025 మే నెల ఎండల్ని వదిలేసి యూరప్ వెళ్లొచ్చాం. నేనూ మావారూ ఉపాధ్యాయులం. మా అత్తకు 67 ఏళ్లు. బాబు ఐదో తరగతి. పాప పదో తరగతి. అసలు సంగతంతా ఆ పదో తరగతిలోనే ఉంది. పరీక్షలు కాకముందే విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీటు మాట్లాడి అడ్వాన్సు కట్టేశాం. అక్కడ వదిలి వచ్చామంటే ఇక పిల్ల సెలవులు మన చేతిలో ఉండవు. ఇంటరు రెండేళ్లు, తర్వాత ఇంజినీరింగో ఇంకోటో, ఆ తర్వాత ఉద్యోగం. పండక్కి వస్తే వచ్చినట్టు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లన్నిటికీ తెలిసిన లెక్కే ఇది.

మిద్దె మీద రెండు గదులు వేద్దామని ఆరేళ్లుగా కూడబెట్టిన డబ్బుంది. "గదులు ఎప్పుడైనా వేసుకోవచ్చు, అందరం కలిసుండే వేసవి ఇదే ఆఖరేమో" అన్నాను జనవరిలో ఒకరోజు. మావారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు బీరువాలోంచి పాస్‌పోర్టులు తీశారు.

యూరప్ అనగానే మన దగ్గర అందరూ చెప్పేది 'పది రోజుల్లో ఏడు దేశాలు'. పెద్దావిడనీ పిల్లల్నీ పెట్టుకుని రోజూ పొద్దున్నే పెట్టెలు సర్దుకుని బస్సెక్కడం నావల్ల కాదన్నాను. రెండే దేశాలు అనుకున్నాం. పారిస్‌లో ఆరు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో ఎనిమిది. రెండు చోట్లా వంటగది ఉన్న ఇల్లే అద్దెకు తీసుకున్నాం.

దీపం ఎప్పుడు పెట్టాలి?

పారిస్‌లో మొదటి సాయంత్రం సెయిన్ నది ఒడ్డున కూర్చున్నాం. ఎనిమిదైంది. ఎనిమిదిన్నరైంది. మన ఊళ్లో నాలుగు గంటలప్పుడు ఉండేంత వెలుతురు. మా అత్తకు రోజూ అసురసంధ్య వేళ దేవుడి దగ్గర దీపం పెట్టడం అలవాటు. బ్యాగులో చిన్న ప్రమిద, నూనె సీసా, ఒత్తులు కూడా తెచ్చుకున్నారు. ఆమె ఆకాశం కేసీ చేతి గడియారం కేసీ మార్చి మార్చి చూశారు.

"ఇంకా పొద్దు గూకలేదేమ్మా? దీపం ఎప్పుడు పెట్టాల?"

"తొమ్మిదీ నలభైకి, అవ్వా" అన్నాడు మా వాడు ఫోన్‌లో చూసి.

ఆమె కాసేపు ఆలోచించి, "మన దేవునికి మన ఊరి టైమే తెలుసులే. ఆరున్నరకే పెడతా" అన్నారు. పదిహేను రోజులూ అలాగే పెట్టారు, కిటికీలోంచి ఎండ పడుతుండగానే!

కారణం తెలిసిందే. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ వేసవి పగళ్లు పొడుగవుతాయి. మా ఊరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంటే, పారిస్ 49 డిగ్రీల దగ్గరుంది. మే చివర్లో మనకు పగలు 13 గంటలైతే అక్కడ దాదాపు 16 గంటలు. పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పడం వేరు, ఆ మూడు గంటలు చేతికి అందడం వేరు. పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న కుటుంబానికి ఇంతకు మించిన సౌకర్యం లేదని నా నమ్మకం. పొద్దున తొమ్మిదికి బయల్దేరి ఒక చోటు చూసేవాళ్లం. ఒంటిగంటకు ఇల్లు చేరి అన్నం తిని, అత్త ఒక కునుకు తీసేవారు. ఐదింటికి మళ్లీ బయల్దేరినా ఇంకా నాలుగున్నర గంటల వెలుతురు మిగిలే ఉండేది. హడావుడి లేదు, ఒకరి మీద ఒకరు చిరాకు పడటం లేదు. ఇదే డిసెంబరులో అయితే పారిస్‌లో పగలు ఎనిమిది గంటల పైచిలుకే. చలికాలం టికెట్లు చవగ్గా దొరుకుతాయని ఆశపడేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఈఫిల్ టవర్ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. 1889లో కట్టారు, ఇప్పుడు ఎత్తు 330 మీటర్లు. వేసవి ఎండకు ఇనుము వ్యాకోచించి టవర్ కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుందని పాప చెబితే, "నేనూ పెరుగుతా" అని మా వాడు దాని కింద అరగంట నిలబడ్డాడు. చీకటి పడ్డాక గంటగంటకూ ఐదు నిమిషాలు దీపాలు మిలమిలలాడతాయి. వేసవిలో అది చూడాలంటే రాత్రి పదింటిదాకా మేలుకోవాలి. పైకెక్కే క్యూలో నిలబడేకంటే ఎదుటి పచ్చికలో కూర్చుని చూడటమే బాగుంది. డబ్బూ మిగిలింది.

ఇనుప చలివేంద్రాలు

ఎక్కడికెళ్లినా మా కళ్లు ముందు వెతికేది నీళ్లనే. సీమవాళ్లం కదా! పారిస్ వీధుల్లో ముదురాకుపచ్చ రంగు వేసిన ఇనుప మండపాలు కనిపిస్తాయి. నాలుగు స్త్రీమూర్తులు పైన చిన్న గోపురాన్ని మోస్తుంటే మధ్యలోంచి సన్నటి ధార పడుతుంటుంది. అవి తాగునీళ్లు, ఉచితం. 1870-71 యుద్ధంలో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరం బాగా దెబ్బతింది. పేదవాళ్లకు మంచినీళ్లు కొనుక్కోవడమే కష్టమైంది. అప్పుడు అక్కడే ఉంటున్న రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లిషు ధనవంతుడు తన సొంత డబ్బుతో 1872 నుంచి వీటిని పెట్టించాడు. ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టకుండా నీళ్లు ఆపేస్తారట. అంటే ఇవీ మన చలివేంద్రాల్లాగా ఎండాకాలపు పుణ్యమే.

ఈ కథ చెప్పాక మా అత్త ప్రతి వాలెస్ ధార దగ్గరా ఆగి, దాహం ఉన్నా లేకపోయినా రెండు గుక్కలు తాగేవారు. "ఆయన పేరు చెప్పుకొని తాగితే ఆయనకు పుణ్యం" అని. మాకు మాత్రం రోజుకు నాలుగైదు సీసాల నీళ్ల ఖర్చు తప్పింది. యూరప్‌లో నీళ్ల సీసా ధర రూపాయల్లోకి మార్చుకుంటే దాహం దానంతటదే తీరిపోతుంది!

ఆమెకు బాగా నచ్చిన చోటు అసలు పర్యాటకుల జాబితాల్లో పైన ఉండేది కాదు. సెయింట్ మార్టిన్ కాలువ. పారిస్‌కు మంచినీళ్ల కోసం నెపోలియన్ 1802లో తవ్వమన్నాడు, 1825లో తెరిచారు. ఊరి మధ్యలో నాలుగున్నర కిలోమీటర్ల కాలువ, దాని మీద తొమ్మిది లాకులు. ఒక పడవ వచ్చి లాకులో నిలబడింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్లు నిండుతుంటే పడవ మెల్లగా మా కళ్లెదుటే పైకి లేచింది. ముందు తలుపులు తెరుచుకున్నాయి, పడవ వెళ్లిపోయింది. మా అత్త పుట్టిల్లు కేసీ కాల్వ పక్కనే. కర్నూలు-కడప కాలువను 1860లలో ఇంగ్లండు కంపెనీ తవ్వింది సేద్యానికీ, పడవలకూ కూడా. కంపెనీకి లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు ఎప్పుడో పోయాయి, సేద్యం మిగిలింది.

"మా నాయన చెప్పేవాడు, వాళ్ల తాతల కాలంలో కాల్వలో పడవలు తిరిగేవని. నేను ఉత్తదే అనుకుంటి. ఇట్ల పోయేవేమో!" అన్నారామె. ఆ రోజు మూడు పడవలు వెళ్లేదాకా అక్కడి నుంచి కదల్లేదు. పిల్లలు పక్కన చేరి, పుట్టినూరి కబుర్లు ఒక్కొక్కటే అడిగారు. అవన్నీ నేనూ అంతకుముందు విననివే. పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం మరి!

లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, ఏ దేశంవాళ్లయినా సరే. పెద్దలకు మేం వెళ్లినప్పుడు 22 యూరోలు. 2026 జనవరి నుంచి మనలాంటి యూరప్ వెలుపలి వాళ్లకు 32 చేశారు. మోనాలిసా ముందు తిరుపతి క్యూ గుర్తొచ్చింది. అంతకంటే మా పిల్లలకు పట్టింది వేరే గదిలోని రీజెంట్ వజ్రం. 140 కేరెట్లు. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికింది. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ చేతిలో పడి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముడుపోయి, రాజుల కిరీటాల్లోకీ నెపోలియన్ కత్తిలోకీ ఎక్కింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతకడం మా సీమలో ఏటా చూసేదే. "ఇదీ అట్లా ఎవరో వంగి ఏరిందేనా?" అని మా వాడడిగిన ప్రశ్నకు మ్యూజియం బోర్డులో జవాబు లేదు. 2025 అక్టోబరులో అదే గదిలో పట్టపగలు దొంగలు పడ్డారని పేపర్లో చదివి మా ఇంట్లో గగ్గోలు. రీజెంట్ మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు!

మూడు వందల వేగంతో

మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే కర్నూలుకో ఇంకెక్కడికో పోవాలి. అందుకే పారిస్ నుంచి జ్యూరిచ్‌కు వెళ్లే టీజీవీ రైలంటే మా వాడికి ఈఫిల్ టవర్ కంటే ఎక్కువ. గంటకు 300 కిలోమీటర్లు దాటి పోతుంటే బల్ల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకలేదు. నాలుగు గంటల్లో జ్యూరిచ్, అక్కడి నుంచి ఇంకో గంటలో లూసెర్న్.

స్విట్జర్లాండ్ అంటే ఖరీదు. రైల్వేస్టేషన్లో కాఫీ మన లెక్కలో ఐదు వందలు. కానీ పిల్లలున్న కుటుంబాలకు ఒక వెసులుబాటుంది. పెద్దలు 'స్విస్ ట్రావెల్ పాస్' కొంటే, తల్లిదండ్రులతో కలిసి ప్రయాణించే 16 ఏళ్లలోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితం. రైలు, బస్సు, సరస్సులో పడవ అన్నీ అందులోనే. మా పాపకు అప్పుడు పదిహేను నిండాయి. ఇంకో ఏడాది ఆలస్యం చేసుంటే ఆ అవకాశం పోయేది.

తిండి విషయంలో మమ్మల్ని కాపాడింది బొరుగులు. తూకానికి తేలిక, పెట్టెలో చోటు మాత్రం చాలా తినేస్తాయి. పొద్దున్నే తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుట్నాలపొడి వేసి ఉగ్గాని చేస్తే పది నిమిషాల్లో అయిదుగురికి టిఫిను. మంచుకొండలు కనిపించే వంటింట్లో ఉగ్గాని... చెప్పొద్దూ, మా ఇంట్లో కూడా అంత రుచిగా ఎప్పుడూ కుదరలేదు. మావారు ఉల్లిపాయలు తరిగారు, పాప తాలింపు వేసింది. ఇంటి దగ్గర ఇద్దరూ వంటింటి గడప తొక్కరు.

టిట్లిస్ కొండకు కేబుల్ కారులో వెళ్లాం. గుండ్రంగా తిరుగుతూ ఎక్కుతుంది, దిగేచోటు 3,020 మీటర్ల ఎత్తు. బీపీ, గుండె జబ్బులున్న పెద్దవాళ్లు డాక్టర్ని అడిగాకే ఎక్కాలి. మా అత్త మంచు చేతిలోకి తీసుకుని నలిపి చూశారు. "వడగండ్లు పడితే చేను పాయెనని ఏడుస్తుంటిమి. వీళ్లు దీని మీద ఆడుకోనీకి టికెట్టు పెట్టినారే!" అన్నారు. చుట్టూ మావాళ్లు తప్ప ఆ మాటకు నవ్వేవాళ్లు లేకపోయారు.

పోతిరెడ్డిపాడులో సగం!

నన్నడిగితే మొత్తం ప్రయాణంలో చూడాల్సింది రైన్ జలపాతం. జ్యూరిచ్ నుంచి రైల్లో గంటలోపే. ఎత్తు 23 మీటర్లే, కానీ వెడల్పు 150 మీటర్లు. మా ఊళ్లో వేసవి వస్తే శ్రీశైలం నీళ్లు వెనక్కి పోతాయి. నీళ్లు పోతేనే సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది, అప్పుడే పూజలు. మాకు వేసవికీ నీటికీ చుక్కెదురు. అక్కడ పూర్తిగా తిరగబడింది వ్యవహారం. ఆల్ప్స్ మంచు కరిగేది వేసవిలోనే కాబట్టి రైన్ నిండుగా దూకేదీ అప్పుడే. సగటున సెకనుకు 600 ఘనమీటర్లు. చలికాలంలో అందులో సగం కూడా ఉండదు.

మావారు గట్టు మీదే నిలబడి లెక్క కట్టారు. "21 వేల క్యూసెక్కులు!" నందికొట్కూరు మనిషికి నీళ్లంటే క్యూసెక్కులే. మా పక్కనున్న పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యం 44 వేలు. "అంటే మన పోతిరెడ్డిపాడు గేట్లు సగం ఎత్తితే ఇంత!" అని గర్వంగా చెప్పారు. మా అత్త ఆ లెక్క వినలేదు. తుంపర ముఖాన పడుతుంటే కళ్లు మూసుకుని నిలబడ్డారు. "ఎండాకాలంలో ఇన్ని నీళ్లు..." అని ఒకటే మాట. ఆడపిల్లగా కాలువలో నీళ్లు ఆగిపోయిన నెలల్లో బిందె నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచిన మనిషి ఆమె. ఊరొచ్చాక ఎవరు ఏమడిగినా ఆమె చెప్పేది ఈ నీళ్ల గురించే. ఈఫిల్ టవర్ని "ఆ ఇనుప కంబం" అంటారు, అంతే.

ఇక అసలు సంగతి. లూసెర్న్‌లో రోజూ సాయంత్రం సరస్సు గట్టున నడిచేవాళ్లం. తొమ్మిది దాకా వెలుతురే. టీవీలో మనకు తెలిసిన భాష లేదు, ఫోన్‌లో ఊరి గొడవలు లేవు, ట్యూషన్లు లేవు. మొదటి రెండు మూడు రోజులు చూసిన వాటి గురించే మాట్లాడుకున్నాం. తర్వాత మాటలు వాటంతటవే ఇంటి విషయాల్లోకి వచ్చాయి. ఆరో రోజో ఏడో రోజో బల్ల మీద కూర్చున్నప్పుడు పాప అంది, "నాన్నా, నన్ను విజయవాడలో వెయ్యద్దు."

ఆ మాట జనవరి నుంచీ దాని నోట్లో ఉందట. చెప్పే వీలే దొరకలేదట. ఇంట్లో నలుగురమూ ఉన్నాం, అయినా వీలు దొరకలేదు! మావారు వెంటనే ఏమీ అనలేదు. కట్టిన అడ్వాన్సు, ర్యాంకులు, పక్కింటివాళ్ల అబ్బాయి అన్నీ ఆయన ముఖంలో కనిపించాయి. పొద్దు గూకడానికి ఇంకా గంట టైముంది కాబట్టి అందరం అక్కడే కూర్చున్నాం. పాప తన లెక్క తాను చెప్పింది. కర్నూలులో రోజూ బస్సులో వెళ్లొచ్చే కాలేజీ, సాయంత్రానికి ఇల్లు. మా అత్త ఒకటే మాటన్నారు: "పోయేది ఎట్లాగూ పోతాది. రెండేండ్లు ముందెందుకు పంపల్ల?"

పాప ఇప్పుడు కర్నూలులోనే ఇంటరు చదువుతోంది. ఏడింటి బస్సుకు పోతుంది. అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది. మార్కులు ఎలా వస్తాయో చూడాలి, ఆయనకింకా బెంగగానే ఉంది.

వెళ్లాలనుకునేవారికి

మా అయిదుగురికీ మొత్తం తొమ్మిది లక్షలు దాటింది. అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను. మిద్దె మీద గదులు ఇంకా వేయలేదు.

యూరప్‌లోని 29 దేశాలకు షెంగెన్ వీసా ఒక్కటే చాలు. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. లండన్ కూడా చూడాలంటే అది వేరే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవికైతే ఎంత ముందైతే అంత మంచిది, ఆ రోజుల్లో హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45. సర్వీసు చార్జీలు అదనం. కనీసం 30 వేల యూరోల వైద్యబీమా తప్పనిసరి. ప్రభుత్వ ఉద్యోగులైతే శాఖ అనుమతికి అంతకంటే ముందే అర్జీ పెట్టుకోవాలి.

మే రెండో వారం నుంచి జూన్ వరకూ మన సెలవులకూ అక్కడి వాతావరణానికీ చక్కగా కుదురుతుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడా వడగాడ్పులు వస్తున్నాయి. 2019 జూలైలో పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. చాలా ఇళ్లలో ఏసీలు ఉండవు. ఆ ఎండ కోసమైతే నందికొట్కూరే నయం! పారిస్ మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. పాలు, నెయ్యి, మాంసంతో చేసినవి అక్కడికి తీసుకెళ్లకూడదు. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడా అంతే, ఎండబెట్టిన కరివేపాకు పొడి చేసుకుని పట్టుకెళ్లాం. మందులు డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి.

బొరుగులు రెండు కిలోలు తీసుకెళ్లాం, పదో రోజుకే అయిపోయాయి. మూడు పెట్టుకోండి.